ఆటలో అరటిపండు

పాఠశాలనుండి సాయంకాలము ఇంటికి వచ్చిన బిడ్డను మనమడుగు ప్రశ్నలు రెండే. ఈనాడేమి చదివితివి? మార్కులెన్ని వచ్చినవి? ఏ యాట యాడితివి, ఎవరితో నాడితివి అని యడుగు తల్లులు అరుదు. చదువునకిచ్చు గౌరవమును మన యిండ్లలో ఆటకిచ్చుట లేదు. కాని బిడ్డ పదుగురితో బ్రదుకుట నేర్చుకొనునది గణితపాఠములో కాదు, ఆటస్థలములో. గెలుచుట, ఓడుట, అలుగుట, మరల కలియుట, తన వంతు వచ్చువరకు ఓర్చియుండుట, ఇవన్నియు అచ్చటనే అలవడును. అందుచేతనే నేటి పాఠశాలలలో వ్యాయామవిద్యకు వేళలు కేటాయింపబడినవి. మా ప్రాంతపు పిల్లలు దానిని నేటికిని డ్రిల్లు పీరియడనియే పిలుతురు. ఆ గంట మ్రోగినప్పుడు వారి ముఖములు వెలిగినట్లు మఱి యే గంటకును వెలుగవు.

అట్టి వేళ ఆటస్థలపు అంచున, వేపచెట్టు నీడలో, ఒకరో యిద్దఱో బిడ్డలు కూర్చుండి యుందురు. ఒకరికి కాలు సన్నము. ఒకరికి చూపు మందము. ఇంకొకరికి మాట వినబడదు. వారి ముందు తక్కిన పిల్లల చెప్పులును, పుస్తకముల సంచులును, నీళ్ళ సీసాలును పడియుండును. వానికి కాపలా యుండుటయే వారికి వ్యాయామవిద్య. ఆడుచున్న పిల్లలు వీరినిగూర్చి యేమనుకొనుచున్నారు? వీరు తమ యాటలో చేరుట వారికిష్టమా, కాదా? ఈ ప్రశ్న చిన్నదిగా కన్పట్టును. కాని నేటి ఆటస్థలములో కలిసి యాడనివారు రేపు ఒక కచేరీలో కలిసి పనిచేయుట, ఒక పంక్తిలో కూర్చుండి భుజించుట సులభముగా నేర్వరు. పిల్లల తలంపులకు మొదటి బడి మన యిల్లే గావున ఈ విషయమును గృహిణుల యెదుట పెట్టుచున్నాము.

మావారు ఉపాధ్యాయులగుటచే మా కాపురము కొంతకాలము ఉదయగిరిలోను, పిదప ఆత్మకూరులోను సాగినది. నెల్లూరుజిల్లాకు పడమటనున్న యీ మెట్టసీమలో వానలు తక్కువ, బావులు లోతు. కాలుసేతుల వైకల్యము ఈ సీమకు క్రొత్త కాదు. 1930 తరువాతి తొలియేండ్లలో దర్శి పరిసరముల రైతులు తమ కాడియెద్దులు కీళ్ళు బిగిసి నడువలేకపోవుటను మొదట కనిపెట్టిరి. అట్టి జబ్బే మనుష్యులకును కలుగుచున్నదనియు, దానికి మూలము త్రాగునీటిలోని ఫ్లోరైడనియు షార్టు మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి. భారతదేశములో ఈ వ్యాధి మొట్టమొదట గుర్తింపబడినది నాటి నెల్లూరుజిల్లాలోనే. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ వైద్యులు, ఇట్టి నీటి ప్రాంతములలో బిడ్డల మోకాళ్ళు లోపలికి ఒరసికొనునట్లు కాళ్ళు వంగిపోవుటనుగూర్చి వ్రాసిరి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు 1970లో ఏర్పడిన క్రొత్త జిల్లాలోనికి పోయి, దానికి తరువాత ప్రకాశముజిల్లా యను పేరు వచ్చినది. ఉదయగిరి నెల్లూరులోనే నిలిచినది. కాని భూమి లోపలి రాతికి జిల్లా సరిహద్దు తెలియదు గదా! లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడుండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి హెచ్చరిక. తమ బావినీటిని పరీక్ష చేయించుకొనుట ప్రతి గృహిణియు చేయదగిన పని.

ఒకప్పుడు పల్లెలలో కుంటితనమనగా పోలియోయే. చుక్కలమందు పుణ్యమా యని 2011 జనవరి తరువాత మన దేశములో సహజ పోలియో క్రిమివలన ఆ వ్యాధి కన్పడలేదు. 2014లో దేశము పోలియోరహితమని ప్రకటింపబడినది. అంతమాత్రమున వేపచెట్టు నీడ ఖాళీ కాలేదు. పుట్టుకలో మెదడునకు దెబ్బ తగిలి అవయవములు బిగిసిన బిడ్డలు, వినికిడి లేనివారు, చూపు తగ్గినవారు, బుద్ధివికాసము మందగించినవారు, ప్రమాదములలో అవయవములు కోల్పోయినవారు ప్రతి మండలములోను కలరు. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములనే లెక్కింపగా, 2016 నాటి చట్టము 21 విధములను లెక్కించినది. పేరు సయితము మారినది. వికలాంగులని మొదట పిలిచిరి. పిదప విభిన్న ప్రతిభావంతులనిరి. ఇప్పుడు దివ్యాంగులనుచున్నారు. పేరు రెండుమార్లు మారినను కూర్చుండు చోటు మాఱలేదు.

మా యింటి యరుగుమీద సాయంకాలము చదువుకొనవచ్చు పిల్లలను ఈ విషయమై మెల్లగా అడిగి చూచితిమి. వారి జవాబులు నాలుగు తెఱగులుగా నుండెను. మొదటిది భయము. “వాడు కింద పడితే దెబ్బలు మాకు పడతాయమ్మా” అని యొక బాలుడనెను. రెండవది గెలుపుమీది ఆశ. “ఆ అమ్మిని చేర్చుకుంటే మా జట్టు ఓడిపోతుంది గదా” అని యొక బాలిక దాపరికము లేక చెప్పెను. మూడవది తెలియనితనము. “వాడికి వినపడదు. ఆట ఎట్లా చెప్పేది?” అని మఱియొకడు నిజముగనే అడిగెను. నాలుగవది జాలి. “పాపం, ఎండలో ఎందుకమ్మా, నీడలో కూర్చోనీ” అని మెత్తని మనసుగల పిల్ల పలికెను. ఈ నాల్గింటిలోను ద్వేషమనునది లేదు. ఇది మాకు సంతోషము కలిగించినది. ద్వేషమును మాన్పుట కష్టము గాని, భయమును, తెలియనితనమును మాన్పుట కష్టము కాదు.

ఇంకొక సంగతియు తెలిసినది. చెమ్మచెక్క, అచ్చనగాయలు, దాగుడుమూతలు మొదలగు పందెము లేని యాటలలో పిల్లలు ఎవరినైనను చేర్చుకొందురు. ప్రక్కయూరి జట్టుతో కబడ్డీపోటీ యన్నప్పుడు మాత్రము అదే పిల్లలు ముఖము త్రిప్పుకొందురు. బాలికలకంటె బాలురలో ఈ పట్టింపు అధికము. ఇది మా యరుగుమీది మాట మాత్రమే కాదు. అమెరికాలో మార్టిను బ్లాకు అను నాచార్యుడు 1995లో పిల్లల మనసు తెలిసికొనుటకు ఒక ప్రశ్నాపత్రమును సిద్ధపఱచెను. చక్రముల కుర్చీలో తిరుగు ఒక సహపాఠిని గూర్చి మొదట పిల్లలకు చదివి వినిపించి, వాడు మీతోపాటు బంతియాట కావలెననిన మీకు సమ్మతమా, వానికొఱకు ఆటనియమమును కొంచెము మార్చుకొందురా అని యడుగుట అందలి పద్ధతి. పిదప అనేక దేశములలో అట్టి పరిశీలనలు జరిగినవి. బాలికలు బాలురకంటె సుముఖముగా నుందురనియు, పోటీ ముదిరినకొలది సుముఖత తగ్గుననియు వానిలో పెక్కింట తేలినది. పిల్లల స్వభావము ఉదయగిరిలోను అమెరికాలోను ఒక్కటియే.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. నాల్గింటిలో మంచిదిగా కన్పట్టు జాలియే మిక్కిలి చిక్కైనది. పసివాడొకడు అన్నల యాటలో చేరెదనని యేడ్చినప్పుడు మన పిల్లలేమి చేయుదురో అందఱమెఱుగుదుము. “వీడు ఆటలో అరటిపండు” అందురు. వానిని తాకినను వాడు అవుటు కాడు. వాడు తాకినను ఎవరును అవుటు కారు. వాడు ఆటలో నున్నట్లే యుండును, లెక్కలో నుండడు. నాలుగేండ్ల పసివానికి ఇది ముచ్చట. మఱుసటియేడు వాడు పెద్దవాడై అరటిపండుతనమునుండి బయటపడును. అంగవైకల్యము గల బిడ్డకో, ఆ మఱుసటియేడు ఎన్నటికిని రాదు. జాలిగల ఉపాధ్యాయులును, జాలిగల తోడిపిల్లలును కలిసి వానిని పదవతరగతి వఱకు అరటిపండుగనే యుంచెదరు.

ఉదయగిరి ప్రాంతమున నొక పల్లెలో పండ్రెండేండ్ల బాలిక నెఱుగుదుము. ఆమెకు ఎడమకాలు సన్నము. తోడిపిల్లలు మంచివారే, రమ్మని పిలుతురు కూడ. ఆమె పోదు. ఏలనమ్మా యని యడుగగా ఆ పిల్ల తలవంచుకొని చెప్పిన మాట మా చెవులలో నేటికిని మ్రోగుచున్నది. “నన్ను ఎవురూ అవుట్ చేయరమ్మా. అందుకే నాకు ఆ ఆట వద్దు.” అవుటు కానిచ్చుట గౌరవమని ఆ పిల్లకు తెలియును. దయతో విడిచిపెట్టుట అవమానమనియు తెలియును. పెద్దలమైన మనకు తెలియవలసియున్నది ఈ మాటయే. చేర్చుకొనుట వేఱు, లెక్కలోనికి తీసికొనుట వేఱు. ఓడిపోవుటకు హక్కు లేనివానికి గెలుచుటకును హక్కు లేదు.

పిల్లలకు ఈ జాలియు, ఈ భయమును ఎక్కడినుండి వచ్చినవి? మన నోటినుండియే. వీధిలో పోవువానిని పేరుతో గాక కుంటివాడనియు, చెవిటివాడనియు మనము పిలుచుచుండగా బిడ్డ వినుచున్నాడు. మంథర కథ చెప్పునప్పుడు ఆమె దుర్బుద్ధిని ఆమె గూనితో ముడివేసి చెప్పుదుము. వంకరమేను వంకరబుద్ధికి గుఱుతని పసిమనసు గ్రహించును. కాని మన పురాణములు ఒకవైపు మాత్రమే చెప్పలేదు. వంకరలు పోయిన మేనుగల అష్టావక్రుడు జనకుని యాస్థానమున వందిని వాదమున ఓడించెను. ఎవరును జాలితో ఆయనను గెలువనీయలేదు. ధృతరాష్ట్రుడు అంధుడని రాజ్యమునకు తగడనిరి; ఆ తీసివేతనుండి పుట్టిన కడుపుమంట ఎంత దూరము పోయెనో భారతము చదివినవారికి చెప్పనక్కఱలేదు. ఆ యంధుని బాహుబలమెంతటిదో, లోహపు భీముని కౌగిలిలో పొడిచేసిన ఘట్టమున మన నెల్లూరి తిక్కన స్త్రీపర్వమును చదివి తెలిసికొనవచ్చును. వీరందఱికంటెను మాకు ప్రియమైనవాడు అనూరుడు. తల్లి వినత తొందరపడి గ్రుడ్డును చిదుపగా తొడలు లేక పుట్టిన బిడ్డ అతడు. నేటి తల్లులను నిందించుటకు ఈ కథను చెప్పుట లేదు. గ్రహణమున బయటికి వచ్చితివి, ఆ తప్పు చేసితివి, ఈ తప్పు చేసితివని కన్నతల్లిని సాధించుట మన యూళ్ళలో ఇకనైనను మానవలెను. మేము చెప్పదలచినది కథలోని రెండవ భాగము. సూర్యుడు అతనిని నీడలో కూర్చుండబెట్టి చెప్పులకు కాపలా పెట్టలేదు. ఏడుగుఱ్ఱముల పగ్గములు చేతికిచ్చి సారథిగా నిలుపుకొనెను. కాళ్ళతో పని లేని, చేతులతో పని గల చోటు చూచి యిచ్చినాడు. ఉదయగిరి యనగా ప్రొద్దుపొడుపు కొండ. ఆ పేరుగల యూరివారమైన మేము ప్రతి వేకువను సూర్యునికంటె ముందుగా చూచునది ఆ తొడలు లేని సారథినే గదా!

ఇట్లు తగిన చోటు చూచి యిచ్చుటయే నేడు లోకమంతట ఆటలలో జరుగుచున్నది. 1948లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్మను అను వైద్యుడు, యుద్ధములో వెన్నెముక దెబ్బతినిన 16 మందికి చక్రముల కుర్చీలలో విలువిద్య పోటీ పెట్టెను. అది పెరిగి 1960లో రోమునగరమున 400 మంది క్రీడాకారుల పారాలింపిక్సు అయినది. 1946లో, యుద్ధమున చూపు పోయిన సైనికులకై గోల్‌బాల్ అను ఆట కల్పింపబడినది. బంతిలో గంటలుండును. ప్రక్కకు ముగ్గురు చొప్పున ఆడుదురు. అందఱి కన్నులకును గంతలు కట్టుదురు. కొంచెము చూపున్నవాడును పూర్తిగా లేనివాడును అప్పుడొక్కటియే. కూర్చుండి యాడు వాలీబాలులో వలను నేలనుండి సుమారు ఒక మీటరు ఎత్తున కట్టుదురు.

అంధుల క్రికెట్టులో బంతి గట్టి ప్లాస్టిక్కుది; లోపల గలగలలాడు గుండ్లుండును. దానిని చేయి క్రిందినుండి నేలవెంబడి వేయుదురు. పూర్తిగా చూపులేనివాడు చేసిన ఒక పరుగు రెండుగా లెక్కకు వచ్చును. ఇచ్చట గమనింపదగినది ఒకటి గలదు. ఆ యాటలో ఎవరికిని అవుటునుండి పూర్తిగా మినహాయింపు లేదు. నియమమును మార్చిరి, ఆటను మార్చలేదు. 2025 నవంబరులో జరిగిన అంధమహిళల తొలి ట్వంటీ20 ప్రపంచకప్పును, కొలంబోలోని తుదిపోరులో నేపాలు జట్టును ఓడించి మన భారతబాలికలే గెలిచిరి. ఆ జట్టులో మన ఆంధ్ర మన్యపుబాలిక పాంగి కరుణకుమారియు ఉండెను.

అయితే కలిపి కూర్చుండబెట్టినంతమాత్రమున మనసులు కలియునా? కలియవు. గార్డను ఆల్‌పోర్టు అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1954లో ప్రకటించిన గ్రంథములో ఈ విషయమును విచారించెను. వేఱువేఱు వర్గములవారు కలసినప్పుడు ఇరువురకును సమానమైన స్థానముండవలెను. సాధింపవలసిన పని యొకటియే కావలెను. ఒకరి సాయము లేక మఱొకరికి అది నెరవేరకుండవలెను. పెద్దల యామోదముండవలెను. ఇవి యున్నప్పుడే దురభిప్రాయములు తొలగునని ఆయన సిద్ధాంతము. చెప్పులకు కాపలాయున్నవాడు నిత్యము ఆ పిల్లల కంటి యెదుటనే యున్నాడు. సాన్నిధ్యమున్నది, సమానత లేదు. అట్టి సాన్నిధ్యము జాలిని పెంచును గాని స్నేహమును పెంచదు.

మన యాటలలోనే దీనికి కావలసిన సరంజామా యున్నది. చెవులు వినబడని పిల్లవాడు ఖోఖో ఆడలేడని మా యరుగుమీది పిల్లల వాదన. ఖోఖోలో వెనుకనుండి వచ్చినవాడు ఖో యని యఱచుటయే కాక వీపుమీద అఱచేతితో తట్టును. వినబడనివానికి ఆ తట్టుట చాలును. ఈలకు తోడుగా ఒక ఎఱ్ఱగుడ్డను పైకెత్తి ఊపినచో ఆట ఆపుటయు, మొదలిడుటయు వానికి తెలియును. చూపు తక్కువవానికి పసుపుపచ్చని పెద్దబంతి కావలెను. ఒక ప్లాస్టిక్కుసీసాలో గులకరాళ్ళు పోసి మూత బిగించిన గలగలబంతి సిద్ధము. చక్రముల కుర్చీ పిల్లవానికి గుఱిచూచి విసరు పందెములలో తక్కువ యేమున్నది? బుద్ధి నిదానమైన పిల్లకు ఒకే మాటలో ఒకే నియమము చెప్పి ఆడి చూపినయెడల నేర్చుకొనును.

జట్లు పంచుకొనుటయందును మన పాతపద్ధతి మేలు. ఇద్దఱు నాయకులు నిలువబడి తమకు కావలసినవారిని ఒక్కొక్కరినే పిలుచుకొనుట నేటి పద్ధతి. అందులో కడపట మిగులువాడెవడో అందఱికిని ముందే తెలియును. ఆ మిగిలి నిలువబడిన నిమిషము బిడ్డ జన్మమంతయు మఱువడు. మన పల్లెలలో ఉద్దులు పట్టుట యను పద్ధతి గలదు. సమానమైన శక్తిగల యిద్దఱు ఒక ఉద్దిగా చేరి, దూరముపోయి రహస్యముగా పేర్లు పెట్టుకొని వత్తురు. సూర్యుడు కావలెనా, చంద్రుడు కావలెనా యని నాయకుల నడుగుదురు. ఎవరు కోరినవారు ఆ జట్టుకు పోవుదురు. ఇందులో కడపట మిగులువాడు లేడు. జట్లును సరితూగును. వైకల్యముగల బిడ్డకు ఉద్ది దొరకదేమో యని సందేహింపవచ్చును. ఆ బిడ్డకు సరియైన ఉద్దిని చూచు బాధ్యతను ఉపాధ్యాయుడు వహించిన చాలును.

ముందు చెప్పిన యా బాలిక కథ మిగిలియున్నది. ఒక సెలవుదినమున గుడి యావరణములో పిల్లలు గుమిగూడి యుండగా, వారిలో పెద్దపిల్ల యొకతె “కుంటాట ఆడదాం” అనెను. ఆ యాట మీరెఱుగనిది కాదు. గీచిన హద్దులో పట్టువారు ఒంటికాలిమీద గెంతుచు తక్కినవారిని తాకవలెను. ఆ బాలిక వంతు వచ్చినది. పండ్రెండేండ్లుగా బరువంతయు మోసిన ఆమె కుడికాలికి సాటియైన కాలు ఆ గుంపులో ఎవరికిని లేదు. తక్కినవారు నాలుగు గెంతులకే ఆయాసపడి కాలు దింపుచుండగా ఈమె నలుగురను వరుసగా అవుటు చేసినది. మఱుసటి యాటలో ఆమెను ఇంకొకతె తాకినది. తాకలేదని యీమె, తాకితినని యామె. ఆ రభసకు మేము వాకిటికి వచ్చి చూడగా ఆ పిల్ల కండ్లెఱ్ఱజేసి, చేయి త్రిప్పుచు, గట్టిగా పోట్లాడుచున్నది. పిల్లల పోట్లాట విని మేమంత సంతోషించుట అదియే మొదలు. తుదకు ఆమె అవుటేయని అందఱును తీర్పు చెప్పిరి. ఆమె మూతి ముడుచుకొని హద్దు బయటికి పోయినది గాని ఇంటికి పోలేదు. మరల తన వంతు వచ్చువరకు అచ్చటనే నిలువబడినది.

మన తెలుగుబాలిక దీప్తి జీవాంజి పేరు మీరు వినియే యుందురు. వరంగల్లుజిల్లా కల్లెడ గ్రామమున కూలిపని చేయు దంపతులకు 2003లో పుట్టినది. బుద్ధివికాసములో వెనుకబాటు గల ఆ పిల్లను ఊరిలో ఎన్నో మాటలని వెక్కిరించిరని తలిదండ్రులే పత్రికలవారికి చెప్పుకొనిరి. ఆమె పరుగును మొదట గుర్తించినది పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయుడు. 2024 మే నెలలో జపానులోని కోబేనగరమున ఆమె 400 మీటర్లను 55.07 సెకనులలో పరుగెత్తి తన విభాగమున ప్రపంచరికార్డు నెలకొల్పినది. అదే సంవత్సరము పారిసు పారాలింపిక్సులో కాంస్యపతకము తెచ్చినది. ఆ పాఠశాలలో ఎవరైన జాలిపడి ఆమెను నీడను కూర్చుండబెట్టియున్నచో ఏమయ్యెడిదో యూహింపుడు. అందఱు బిడ్డలును పతకములు తేవలెనని కాదు. పతకము తేలేని బిడ్డకును పరుగెత్తు హక్కు ఉన్నది. ఆ హక్కునుండియే అప్పుడప్పుడొక పతకము పుట్టును.

చట్టము మన ప్రక్కనే యున్నది. వైకల్యముగల బిడ్డలకు పాఠశాలలో ఆటపాటలయందు తక్కినవారితో సమానావకాశముండవలెనని ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో నున్నది. దానిని మన దేశము 2007లో అంగీకరించినది. 2016 నాటి హక్కుల చట్టములోని 16వ విభాగము, విద్యాసంస్థలు అట్టి బిడ్డలకు చదువుతోపాటు ఆటలకును ఇతరులతో సమానముగా అవకాశము కల్పింపవలెనని విధించుచున్నది. మండలములలో భవిత కేంద్రములును, వానిలో ప్రత్యేకోపాధ్యాయులును కలరు. కాని ఏ చట్టమును ఒక పిల్లవానిచేత మఱొక పిల్లవానిని “రా, నీవు మా జట్టు” అని పిలిపింపజాలదు. ఆ పని తల్లులది.

కావున సోదరీమణులకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము. ఇంట వైకల్యముగల బిడ్డయున్నచో డ్రిల్లునుండి మినహాయింపు చీటీ వ్రాయించుటకు తొందరపడకుడు. గుండెజబ్బు, మూర్ఛ, బిగిసిన కీళ్ళు మొదలగునవి యున్నప్పుడు వైద్యుని సలహా తప్పక కావలెను. కాని వైద్యుని “ఏమి చేయరాదు?” అని మాత్రమే అడిగి రాకుడు. “ఏమేమి చేయవచ్చును?” అనియు అడిగి, ఆ జాబితాను ఉపాధ్యాయునికి పంపుడు. ఆడపిల్ల యైనచో ఈ జాగ్రత్త రెండింతలు కావలెను. ఆడపిల్ల, అందులోను అవిటిది, ఆటలెందుకనుమాట మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. నిజమునకు కదలిక తక్కువైన శరీరమునకే వ్యాయామము మిక్కిలి అవసరము. మోకాలు దోకుకొని ఇంటికి వచ్చినచో పసుపద్ది ఊరకుండుడు. పాఠశాలకు పోయి తక్కినపిల్లలపై కేకలు వేయకుడు. ఒక్కమాఱు కేకలు వేసినచో ఆ పిల్లలు భయపడి ఇక నెన్నటికిని పిలువరు. “వాడు పడితే దెబ్బలు మాకు” అను మాట పుట్టినది అట్టి కేకలనుండియే.

అవయవములన్నియు చక్కగానున్న బిడ్డలుగల తల్లులకు పని ఇంకను సులభము. లోపముతో మనుష్యుని పిలుచుట మీ యింట మాన్పింపుడు, పేరుతోనే పిలిపింపుడు. సంక్రాంతి సెలవులలో పిల్లలు మీ వాకిట గుమిగూడినప్పుడు వీధిలోని యా బిడ్డనుగూడ పిలిపింపుడు. పిలిచి అరటిపండును చేయనీయకుడు. “ఆమెకు ఏ నియమము మార్చవలెనో ఆమెనే అడగండి, మార్చిన తరువాత అవుటైతే అవుటే” అని చెప్పుడు. మీ బిడ్డ ఆటనుండి వచ్చినప్పుడు గెలిచితివా యని యడుగుటకు ముందు, ఈనాడు మీతో ఎవరెవరాడినారని యడుగుడు. నాలుగుదినములు వరుసగా ఆ ప్రశ్న యడిగితిరేని ఐదవదినమున బిడ్డయే వేపచెట్టు వైపు చూచును.

జాలి గొప్పగుణమే. పసిబిడ్డకు, రోగికి, ముదుసలికి అది యమృతము. తోడియీడు బిడ్డకు మాత్రము కావలసినది జాలి కాదు, జత. తనను వెంబడించి పట్టుకొనువారును, తాను పట్టుకొన్నచో ఒప్పుకొనువారును కావలెను. గెలిచిన దినమున ఇంటికి వచ్చి గొప్పలు చెప్పుకొనుటయు, ఓడిన దినమున అలిగి అన్నము మానుటయు ప్రతి బిడ్డకును దక్కవలెను. మన వీధిలో ఒక్క బిడ్డయైనను ఆ యలుకకు నోచుకొనక నీడలో కూర్చుండియున్నంతకాలము మన పిల్లల యాట పూర్తియైనట్లు కాదు.